నత్తి ఉన్న పిల్లలు – స్పీచ్ థెరపీ – మన సంఘాల పని

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభ, యాదగిరిగుట్ట – ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొద్దుటి నుంచి పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి కిస్తీల లెక్కలు విన్నరు. మేము మాట్లాడబోయే సంగతి మన లెక్కల్లో ఒక్క వరుసలోనే ఉన్నది. ఒక గ్రామ సంఘం తీర్మానాల పుస్తకంలో "కొడుకు నత్తి వైద్యం కొరకు 40,000 రూపాయలు" అని రాసి ఉన్నది. కింద సంతకాలు మనవే. ఆ వరుస వెనక ఏం జరిగిందో ఆ తల్లి చెప్పమన్నది కాబట్టి చెప్తున్నం. పేర్లు, ఊరు చెప్పం.

ఆమెకు గుట్ట కింద కొబ్బరికాయల దుకాణం ఉన్నది. కొడుకుకు తొమ్మిదేండ్లు. శని, ఆదివారాలు, స్వాతి నక్షత్రం రోజు అక్కడ కాలు పెట్టే జాగ ఉండదు, పిలగాడు కూడ తల్లికి ఆసరాగా నిలబడతడు. లెక్కల్లో గట్టోడు, చిల్లర ఒక్క రూపాయి తప్పడు. కాని "కాయ ఎంత బాబూ?" అని భక్తులు అడిగితే నోటితో చెప్పడు, వేళ్ళు చూపిస్తడు. నాలుగు వేళ్ళు ఎత్తి పిడికిలి మూస్తే నలభై. చూసినవాళ్ళు మూగపిలగాడు అనుకుంటరు. కొందరు జాలిపడి పది రూపాయలు ఎక్కువ ఇచ్చి పోతరు. ఆ పది రూపాయలను వాడు గల్లాలో వెయ్యడు. తల్లి చేతిలో పెట్టి లోపలికి పోతడు.

కిరాణం దుకాణానికి పెసరపప్పు తెమ్మని పంపితే కందిపప్పు తెచ్చేవాడు. పాలు అంటే పెరుగు కూడ కాదు, ఏమీ తేకుండ వచ్చి "లేవంట" అనేవాడు. మతి లేదని తల్లి రెండు దెబ్బలు వేసింది. మతి లేక కాదు. వానికి "ప" తో మొదలయ్యే మాట గొంతులోనే ఆగిపోతది. కందిపప్పు అనే మాట సులువుగా వస్తది కాబట్టి అదే అడిగి తెచ్చిండు. ఇంటికొచ్చి దెబ్బలు తినుడు వానికి దుకాణంలో నలుగురి ముందు నత్తి పడుడు కంటే నయం అనిపించింది. ఈ సంగతి మాకు తర్వాత స్పీచ్ థెరపిస్టు చెప్తేనే తెలిసింది. బడికి ఆలస్యంగా పోవుడు కూడ అంతే. హాజరు పిలుచుడు అయిపోయినంకనే లోపలికి పోయేవాడు, "ప్రెజెంట్ సార్" అనే మాట తప్పించుకోవడానికి. ఆలస్యానికి బయట నిలబెడితే నిలబడేవాడు.

ఇగ అప్పు సంగతి. పట్నంలో ఒక చోట పదిహేను రోజుల్లో నత్తి పోగొడతరని, గ్యారంటీ ఇస్తరని ఆ తల్లి ఫోన్‌లో వీడియో చూసింది. గ్రామ సంఘానికి దరఖాస్తు పెట్టింది. ఆరోగ్యం కొరకు అప్పు అంటే మనం కాదనం, అది మంచిదే. కాని బర్రె కొనడానికి అప్పు అడిగితే ఎన్నో ఈత, ఎన్ని లీటర్లు ఇస్తది, బీమా ఉన్నదా అని పది ప్రశ్నలు అడుగుతం. పిలగాని మాట కొరకు అడిగితే ఒక్క ప్రశ్న కూడ అడగలేదు. వాళ్ళు ఎవరు, ఏం చదివిండ్రు, పదిహేను రోజుల తర్వాత ఏమిటి అని ఎవ్వరం అనలేదు. సంతకం పెట్టినం.

అక్కడ వాళ్ళు నేర్పింది, చూపుడువేలుతో తొడ మీద తాళం కొట్టుకుంట ఒక్కొక్క అక్షరం విడదీసి మాట్లాడుడు. పదిహేనో రోజు పిలగాడు ఆ తాళం మీద పేరు, ఊరు, బడి అన్నీ ఆగకుండ చెప్పిండు. వాళ్ళు వీడియో తీసి ఇచ్చిండ్రు. తల్లి దాన్ని మన వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మనమందరం చప్పట్ల బొమ్మలు పెట్టినం, పక్క ఊర్ల గ్రూపులకు కూడ పంపినం. మూడు వారాలకు తాళం పని చెయ్యడం మానేసింది. వేలు ఆడుతున్నా మాట ఆగిపోతున్నది. ఎదురైన ప్రతి మనిషీ "నత్తి పోయిందట కదరా, ఏదీ ఒక్కసారి మాట్లాడు" అన్నరు. వాడు మాట్లాడుడే బంద్ చేసిండు. దసరా సెలవులు అయిపోయినా బడికి పోలేదు.

పట్నం వాళ్ళను తిట్టడానికి ఇది చెప్తలేం. ఆ వీడియో పంచింది మనం.

తాళం ఎందుకు పని చేసింది, ఎందుకు ఆగింది అన్నది మనకు బతుకమ్మ ఆడేకాడ తెలుస్తది. నత్తి ఉన్న ఆడపిల్ల చప్పట్లు కొట్టుకుంట అందరితో కలిసి పాడితే ఒక్క చోట కూడ తట్టుకోదు. భజనలో కూడ అంతే. పాట అయిపోయి, "నీ పేరేంది బిడ్డా" అంటే మళ్ళీ ఆగిపోతది. మాట్లాడాలంటే ఊపిరి, గొంతు, నాలుక, పెదవులు రెప్పపాటులో ఒకదాని వెంట ఒకటి సరిగ్గా కదలాలె. ఎప్పుడు ఏది కదలాలో కుదిర్చేది మెదడు. నత్తి ఉన్నవాళ్ళకు ఆ కుదురుడు అక్కడక్కడ తప్పుతది. పాటలో, పది మందితో కలిసి చదివేటప్పుడు ఆ వేళను తాళం, పక్కవాళ్ళ గొంతులు బయటి నుంచి అందిస్తయి. అందుకే సాఫీగా వస్తది. కాని బతుకంతా తాళం వేసుకుంట మాట్లాడలేం. అలవాటైనంక మెదడు ఆ తాళాన్ని పట్టించుకోదు. కాబట్టి పదిహేనో రోజు వీడియో అబద్ధం కాదు, ఆ పిలగాడు నిజంగానే సాఫీగా మాట్లాడిండు. అది నిలవదని చెప్పకపోవుడే అన్యాయం.

నత్తి దేనివల్ల వస్తదని మనలో చాన మాటలున్నయి. చిన్నప్పుడు జడుసుకున్నడని, నత్తి ఉన్న పిల్లలతో ఆడి నేర్చుకున్నడని, తల్లి సరిగ్గ పట్టించుకోలేదని. అవేవీ కావు. అది ఎక్కువగా వంశంలో వస్తది. 2010లో అమెరికా పరిశోధకులు పాకిస్తాన్‌లో నత్తి ఎక్కువ ఉన్న కుటుంబాల రక్తం పరీక్షించి కొన్ని జన్యువుల్లో మార్పు కనిపెట్టిండ్రు. అందరికీ అదే కారణం అని కాదు గాని, ఇది తల్లి పెంపకం తప్పు కాదని తేలింది. మన కథలోని తల్లికి ఈ ఒక్క మాట చెప్పేసరికి ఏడ్చింది. తొమ్మిదేండ్ల నుంచి అత్తగారింట్ల ఆమెనే అంటున్నరు. తీరా థెరపిస్టు వివరంగా అడిగితే వాని చిన్న తాతకు నత్తి ఉండేదని మామనే చెప్పిండు.

తెలివికీ నత్తికీ సంబంధం లేదు. నాలుక మందానికీ సంబంధం లేదు. నాలుక కింద పొర కోయిస్తే పోతదని ఇప్పటికీ కొందరు చెప్తరు. 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే పేరు మోసిన సర్జను నత్తి ఉన్నవాళ్ళ నాలుకనే కోసి చూసిండు, మత్తు మందు లేని రోజుల్లో. ఆ పద్ధతిని లోకం విడిచిపెట్టింది, మనం కూడ విడిచిపెట్టాలె. నిజంగ నాలుక కింద పొర అంటుకొని ఉంటే కొన్ని అక్షరాలు పలకడం కష్టమైతది, అది వేరే సంగతి. నోట్ల గులకరాళ్ళు వేసి మాట్లాడించుడు ప్రాణానికే ప్రమాదం, గొంతులో పడతయి. వస పోసుడు మన పెద్దవాళ్ళ అలవాటు, మాటలు తొందరగ రావాలని పోస్తరు. నత్తికి అది పని చెయ్యదు, ఎక్కువైతే వాంతులు పట్టుకుంటయి.

మొక్కుల సంగతి కూడ చెప్పాలె, గుట్ట కింద ఉండి చెప్పకపోతే బాగుండదు. మన స్వామిని వైద్య నరసింహుడు అంటరు. నలభై రోజులు ప్రదక్షిణలు చేసి నయం చేసుకున్నమని చెప్పేవాళ్ళు మన ఇండ్లలోనే ఉన్నరు. మొక్కు మొక్కుకోండి, కాదనేటందుకు మేమెవరం? కాని పిలగాన్ని స్వామి ముందు నిలబెట్టి, వెనక లైను నూకుతుంటే "స్వామి పేరు చెప్పు, గట్టిగ చెప్పు" అని భుజం పట్టి ఊపొద్దు. ఆ పిలగాడు గుడి అంటేనే భయపడే రోజు వస్తది. మేము చూసినం.

ఇప్పుడు స్పీచ్ థెరపిస్టు ఏం చేస్తది అనేది. మనలో చానమందికి ఆ పేరే కొత్త. గొంతు డాక్టరు కాదు, మందు రాయదు, సూది వెయ్యదు. మాట, వినికిడి గురించి నాలుగేండ్లు డిగ్రీ చదివిన మనిషి.

బడికి వచ్చిన ఆర్‌బీఎస్‌కే బృందం, అంటే 2013 నుంచి పుట్టిన బిడ్డ మొదలు పద్దెనిమిదేండ్ల దాక పిల్లలను పరీక్ష చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు, మన పిలగాని పేరు రాసుకొని చీటీ ఇచ్చిండ్రు. ఆ చీటీ పట్టుకొని పోతే ఒక ప్రభుత్వ సంస్థలో థెరపిస్టు మేడం దొరికింది. మా ఉపసంఘం నుంచి ఒకరం తోడు పోయినం.

మొదటి రోజు ఆమె పిలగాన్ని "పేరు చెప్పు" అని అడగలేదు. నత్తి ఉన్నవాళ్ళకు అన్నిటికంటే కష్టమైన మాట సొంత పేరేనట. పాలు రాకపోతే చాయ అనొచ్చు, పేరును మార్చి చెప్పలేం కదా. తల్లిని అడిగింది. ఎప్పుడు మొదలైంది, ఇంట్ల ఇంకెవరికి ఉన్నది, ఏ మాట మీద ఆగుతడు, ఎవరితో బాగ మాట్లాడతడు. మేకపిల్లతో అయితే ఒక్కసారి కూడ ఆగడని తల్లి చెప్పింది. మేడం నవ్వలేదు, రాసుకున్నది. వానితో మేకపిల్ల గురించే మాట్లాడింది. మాట్లాడుకుంట ఆమెనే కావాలని "మే... మే... మేక" అన్నది. వాడు గబుక్కున తలెత్తి చూసిండు. "నాకు నీలెక్క నత్తిగ మాట్లాడుడు సరిగ్గ వస్తలేదు, నువ్వు నేర్పు, మార్కులు నువ్వే వెయ్యి" అన్నది. వాడు ఆమెకు పదికి మూడు వేసిండు. దసరా తర్వాత వాడు నవ్వుడు అదే మొదటిసారి అని తల్లి అన్నది.

మేము మొదట ఇదేం వైద్యం అనుకున్నం. పోగొట్టమని తీసుకొస్తే నేర్పుకుంటున్నరు! తర్వాత అర్థమైంది. నత్తి నోట్ల కొంచెమే ఉంటది, భయం మాత్రం మనిషంతా పాకి ఉంటది. మాట ఆగుతదేమోనని గొంతు బిగపట్టుడు, కండ్లు గట్టిగ మూసుకొనుడు, కాలుతో నేలను తన్నుడు, మాట మార్చుడు, చివరికి మాట్లాడుడే మానుడు. ఇవన్నీ భయం తెచ్చినవి. దాని పేరు ఎత్తకుండ దాచినంత కాలం అది పెరుగుతది. కావాలని నత్తి పడి, ఏమీ కాలేదని చూసుకుంటే బిగువు వదులుతది.

మాట ఎక్కడ ఆగుతదో వానికే కనిపెట్టుడు నేర్పింది. నత్తి మూడు తీర్లుగ ఉంటది. ఒకటి "అ-అ-అమ్మ" అని తిరిగి తిరిగి వచ్చుడు, ఒకటి "మ్‌మ్‌మ్‌మామిడి" అని సాగుడు, ఇంకోటి నోరు తెరిచినా శబ్దమే రాకుండ మూసుకపోవుడు. మన పిలగానిది ఎక్కువ మూడోది. పిడికిలి గట్టిగ బిగించమన్నది, మెల్లగ వదలమన్నది. తర్వాత పెదవులు అట్లనే బిగించి, "ప" దగ్గర మెల్లగ వదలమన్నది. ఊపిరి ముందు పోనిచ్చి, పెదవులు ఆనీ ఆననట్టు ఆనించి మాట మొదలుపెట్టుడు. ఆగిపోయినప్పుడు బలంతో తొయ్యకుండ, ఆగిన చోటనే బిగువు సడలించి బయటికి వచ్చుడు. ఇంకా తప్పిపోతే, మాట పూర్తయినంక ఒక్క క్షణం ఆగి, అదే మాటను నెమ్మదిగ మళ్ళీ అనుడు. వీటిలో చాన మటుకు అమెరికాలో చార్లెస్ వాన్ రైపర్ అనే ఆయన కూర్చిన పద్ధతులు. ఆయనకు కూడ నత్తి ఉండేది. సాఫీగ మాట్లాడించుడు కాదు, నత్తి పడ్డా సులువుగ పడి ముందుకు పోవుడు ఆయన చెప్పిన దారి.

ఆ తర్వాత మెట్లు. ఏ చోట మాట్లాడాలంటే భయం తక్కువ, ఏ చోట ఎక్కువ అని వానితోనే ఒక కాగితం మీద రాయించింది. అట్టడుగు మెట్టు మేకపిల్ల. తర్వాత తల్లి, చెల్లె, పక్క దుకాణం తాత, కిరాణం దుకాణంలో పెసరపప్పు, ఫోన్‌లో మేనమామ, బడిలో హాజరు. పైమెట్టు, తెలియని భక్తునికి కొబ్బరికాయ ధర చెప్పుడు. ఒక మెట్టు మీద కాలు నిలిచినంకనే ఇంకో మెట్టు. పెసరపప్పు మెట్టు మీదనే ఐదు వారాలు ఉన్నడు. తొందర పెట్టింది మేము, మేడం పెట్టలేదు.

ఇక్కడ ఒక మాట. థెరపిస్టు దగ్గర పిలగాడు వారానికి ఒక గంట కూడ ఉండడు. మిగిలిన వారమంతా మన దగ్గరనే. అందుకే ఆమె సగం పాఠం తల్లికే చెప్పింది. "నెమ్మదిగా మాట్లాడు, ఊపిరి తీసుకో, ఆలోచించి మాట్లాడు" అని మనం ప్రేమతోనే అంటం. వానికి అది "నువ్వు మళ్ళీ తప్పు మాట్లాడినవ్" అని వినిపిస్తది. ఆ మాటలు మాని మనమే నెమ్మదిగ మాట్లాడాలె. వాడు ఆగితే మాట అందించొద్దు, కండ్లు తిప్పుకోవద్దు, చెప్పేది వినాలె. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మధ్యల దూరకుండ వంతులు పాటించాలె, ఇది ఇంట్ల మగవాళ్ళకు కూడ చెప్పాలె. రోజుకు పది నిమిషాలు పిలగానితో మాత్రమే కూర్చోవాలె, ప్రశ్నలు అడగకుండ. తల్లి నవ్వింది, పది నిమిషాలు ఎక్కడివి మేడం అని. నిజమే. చివరికి రాత్రి మరుసటి రోజుకు పూలు కట్టే వేళ కుదిరింది. చేతులు పని చేస్తుంటే మాట నెమ్మదిగనే వస్తదని ఆమెనే కనిపెట్టి మేడంకు చెప్పింది.

బడి సంగతి. మేడం సారుకు ఒక ఉత్తరం రాసి ఇచ్చింది. హాజరుకు చెయ్యి ఎత్తినా సరే, పాఠం చదివేటప్పుడు ఇంకో పిలగానితో జోడుగ చదివించండి, ప్రశ్న అడిగితే జవాబు వచ్చేదాక ఆగండి, ఎగతాళి చేసేవాళ్ళతో మీరే మాట్లాడండి అని. సారు మంచాయన, ఆయనకు అప్పటిదాక ఎవరూ చెప్పలేదు, అంతే.

తొమ్మిదేండ్లకు కాకుండ నాలుగేండ్లకే తీసుకపోతే ఇంకా సులువు అయ్యేదని మేడం చెప్పినప్పుడు తల్లి ముఖం చూడలేకపోయినం. అందుకే అంగన్‌వాడీ వయసు పిల్లలున్నవాళ్ళు ఇది గట్టిగ వినండి. నత్తి ఎక్కువగ రెండేండ్ల నుంచి ఐదేండ్ల మధ్యల మొదలైతది. వంద మంది పిల్లల్లో ఇంచుమించు ఐదుగురికి ఏదో ఒక వేళ వస్తది. వాళ్ళలో నలుగురిలో ముగ్గురికి దానంతట అదే పోతది. పెద్దయినంక నూటికి ఒక్కరికి మిగులుతది. అందుకే ఇంట్ల పెద్దవాళ్ళు "పెద్దయితే పోతది" అంటరు, చాన మందికి పోతది కూడ. కాని పోని ఆ ఒక్కరు ఎవరో ముందుగ ఎవ్వరికీ తెలవదు. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, ఇంట్ల ఇంకెవరికైనా ఉంటే, పిల్లలు మాట కొరకు ముఖం బిగబట్టి అవస్థ పడుతుంటే ఎదురు చూడొద్దు. ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గరి లిడ్‌కాంబ్ అనే చోట బడి ఈడు రాని పిల్లల కొరకు తయారైన పద్ధతి ఒకటున్నది. అందులో వైద్యం చేసేది తల్లి, తండ్రే. థెరపిస్టు నేర్పినట్టు, సాఫీగ వచ్చిన మాటను మెచ్చుకుంటరు. మనం మన పిల్లల తప్పు మాటనే పట్టుకుంటం, మంచి మాటను ఎప్పుడు మెచ్చుకున్నం?

ఆడపిల్లల మాట వేరే చెప్పాలె. నత్తి మిగిలిపోయేది మగపిల్లల్లోనే ఎక్కువ, ఆడపిల్లల్లో తక్కువ. తక్కువ కాబట్టే కనిపించరు. సంబంధం చెడిపోతదని దాచిపెడతరు, నలుగురిలోకి పంపరు. మన సంఘంలో ఒక సభ్యురాలు పన్నెండేండ్ల నుంచి ఉన్నది. ఒక్క కిస్తీ తప్పలేదు. మీటింగు మొదట్ల అందరం లేచి పేరు చెప్పుకునేటప్పుడు మాత్రం ఆమె నీళ్ళ బిందె కొరకు బయటికి పోయేది. లీడరుగ ఉండమంటే "నాకు చదువు రాదు" అనేది. ఆమెకు చదువు వస్తది. ఈ పిలగాని సంగతి మాట్లాడుకుంటున్న రోజు లేచి నిలబడి, తన పేరు చెప్పడానికి చాన సేపు తీసుకొని, "నాది కూడ ఇదే" అన్నది. మనకు పన్నెండేండ్లు పట్టింది అది వినడానికి. ఇప్పుడు ఆమె మా ఉపసంఘంలో ఉన్నది, ఈ ప్రసంగంలో ఏ మాట ఉండాలె, ఏది వద్దు అనేది ఆమెనే చూసింది.

"నత్తోడు ఏం చేస్తడు" అనేవాళ్ళకు మా నల్లగొండ జిల్లా పాత కామ్రేడ్లు చెప్పే ముచ్చట ఒకటి చెప్తం. 1957లో కేరళకు మొదటి ముఖ్యమంత్రి అయిన ఈఎంఎస్ నంబూద్రిపాద్‌కు నత్తి ఉండేది. మీకు ఎప్పుడూ నత్తి ఉంటదా అని ఒకరు అడిగితే, లేదు, మాట్లాడేటప్పుడే ఉంటది అన్నడంట. సినిమా హీరో హృతిక్ రోషన్ తన నత్తి గురించి తనే అందరికీ చెప్పుకున్నడు. మన పిలగానికి హీరో ముచ్చట నచ్చింది, మాకు నంబూద్రిపాద్ ముచ్చట.

ఎక్కడికి పోవాలె అని అడుగుతరు. అంగన్‌వాడీకి, బడికి ఆర్‌బీఎస్‌కే బృందం వచ్చినప్పుడు పిల్లల పేరు రాయించి చీటీ అడగండి. ఆ చీటీతో జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపుతరు. మండలంలో భవిత కేంద్రం ఉంటది, అక్కడి టీచర్లను కలవండి. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ప్రభుత్వానిదే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది, మాట, వినికిడి కొరకే పెట్టింది. ఆ పేరుగల అలీ యావర్ జంగ్ మన హైదరాబాదాయనే, ఉస్మానియా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ చేసిండు. ప్రైవేటుకు పోతే, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు నంబరు చూపించమని అడగండి. అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ళ దగ్గర లేవండి.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ కాబట్టి పోను రాను పిలగానికి అర టికెట్టే ఖర్చు. అసలు ఖర్చు పని పోవుడు. వారంలో ఒక రోజు దుకాణం మూస్తే ఆ తల్లికి కిస్తీ ఎట్ల వెళ్ళాలె? మూడో వారానికే ఇగ పోలేనన్నది. అప్పుడు ఆమె సంఘం సభ్యులు ఒక పని చేసిండ్రు, ఇది ఏ మీటింగులో తీర్మానం చేసింది కాదు. ప్రతి మంగళవారం ఒకరు వంతు వేసుకొని దుకాణంలో కూర్చున్నరు. ఏడు నెలలు. మధ్యల వానాకాలం నాట్లప్పుడు రెండు వారాలు ఎవరూ దొరకకపోతే మేడం వీడియో కాల్‌లో పాఠం చెప్పింది, సిగ్నల్ కొరకు డాబా ఎక్కిండ్రు.

పిలగానికి నత్తి పోయిందా అంటే పోలేదు. బడికి పోతున్నడు. హాజరుకు కొన్ని రోజులు చెయ్యి ఎత్తుతడు, కొన్ని రోజులు నోటితో అంటడు, అది వాని ఇష్టం. మొన్న శనివారం మేము దుకాణం కాడ ఉన్నప్పుడు ఒకాయన కాయ ఎంత అని అడిగిండు. వాడు ఆయన ముఖంలోకే చూసి "న... న... నలభై" అన్నడు. వేళ్ళు ఎత్తలేదు. ఆయన నలభై ఇచ్చి పోయిండు.

ఆ అప్పులో ఇంకా పదకొండు కిస్తీలు ఉన్నయి. ఆ తల్లి మాఫీ అడగలేదు, ఒక్క నెల తప్పలేదు. మా ఉపసంఘం మహాసభ ముందు రెండు సంగతులు పెడుతున్నది. మిగిలిన కిస్తీల మీద వడ్డీని గ్రామ సంఘం ఆరోగ్య నిధి నుంచి కట్టాలని ఒకటి. ఇకముందు వైద్యం కొరకు అప్పు దరఖాస్తు వచ్చినప్పుడు, పూర్తిగ నయం చేస్తమని గ్యారంటీ ఇచ్చే చోటు అయితే, ముందుగ ప్రభుత్వ డాక్టరు చీటీ లేదా నమోదు నంబరు చూడాలని, ఆ పని వీఓఏకు, ఉపసంఘానికి అప్పగించాలని రెండోది. అత్యవసర వైద్యానికి ఈ నిబంధన వద్దు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాగితాలు అడగొద్దు. దీని మీద వ్యతిరేకం ఉన్నవాళ్ళు కూడ లేచి మాట్లాడండి.

పిల్లల పేర్లు రాయించుకునే పుస్తకం బయట బల్ల మీద ఉన్నది, మన కొత్త ఉపసంఘం సభ్యురాలు అక్కడ కూర్చుంటది. భోజనాలకు పోయేముందు రాయించండి. ఆమె మీ పిల్లల పేరు తిరిగి చదివి వినిపిస్తది, కొంచెం సేపు పడుతది.